శబ్దగ్రహణశాలా ప్రవేశము : గూడూరు వేదిక మొదలు దృశ్యపాఠము వరకు

గురువు లేని విద్య గుడ్డివిద్య యని మనవారి సామెత. సంగీతమునకు గురువు కలడు. నాటకమునకు సమాజము కలదు. హరికథకు తండ్రియో మేనమామయో తొలి పలుకులు నేర్పుచుండెను. పాటను యంత్రముపై నెక్కించు శాలలో మొదటిసారి అడుగిడు క్రొత్తవానికి మాత్రము ఎవరు నేర్పిరి? ఏమి నేర్పిరి? ఏ క్రమమున నేర్పిరి? ఈ మూడు ప్రశ్నలను విచారించుటయే ప్రస్తుత వ్యాసమునకు ప్రయోజనము.

ఈ శాలను లోకవ్యవహారమున మొదట రికార్డింగు థియేటరనిరి. నేడు స్టూడియో యనుచున్నారు. చలనచిత్రములలో కళాకారుల పేర్లు చూపు పట్టికలయందు ఈ విద్యకు శబ్దగ్రహణమను చక్కని పేరు నిలిచినది. కావున మేమును శబ్దగ్రహణశాల యనియే వ్యవహరించుచున్నాము. క్రొత్తవారికి ఈ శాలను పరిచయము చేయుటకై వీడియో రూపమున సిద్ధపరచు బోధనలను దృశ్యపాఠములందుము. ఇట్టి పాఠములను కూర్చువారిలో పలువురు యంత్రముల పేర్లతో నారంభింతురు: ఇది మైకు, ఇది మిక్సరు, ఇది కంప్యూటరు అని. తెలుగువారి శబ్దగ్రహణ చరిత్ర ఇందుకు విరుద్ధమైన క్రమమును సూచించుచున్నది. ఆ శాలలో క్రొత్తవానికి ముందుగా అందినది యంత్రజ్ఞానము కాదు. వినుట, నిశ్శబ్దముగా నుండుట, ఒకరి మాటచే కలుగు ధైర్యము. పాఠమును కూర్చువారు ఈ క్రమమును తెలిసికొననిచో, వారి శ్రమ పరికరముల జాబితాగా ముగియునని మా యభిప్రాయము.

1. గూడూరునకు గల సంబంధము

గూడూరు చిరకాలము నెల్లూరు జిల్లాలోనిదై, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేర్చబడినది. మద్రాసునుండి విజయవాడకు పోవు రైలుమార్గమున, తిరుపతివైపు మార్గము చీలు కూడలి యిది. మద్రాసు ఇచ్చటికి సుమారు 140 కిలోమీటరులు. తెలుగు చలనచిత్రముల శబ్దగ్రహణము మద్రాసున కేంద్రీకృతమైయున్న కాలమున, ఇంత దగ్గరి తెలుగు పట్టణములు మిక్కిలి తక్కువ. అయినను ఆ దగ్గరితనము రైలు పట్టికలోనిదే కాని శాల వాకిటిలోనిది కాదు. ఇచ్చటి యువకునకు మద్రాసు చేరుట కొన్ని గంటల పని. శాల లోపలికి చేరుట కొన్ని యేండ్ల పని.

మరియొక సంబంధమును గూడ ఇచ్చట స్మరింపవచ్చును. గూడూరు సీమకు పేరు తెచ్చినది అభ్రకము. పూర్వపు గ్రామఫోనులో సూది కదలికను ధ్వనిగా మార్చు పలుచని బిళ్ళను అభ్రకముతో చేయుట వాడుక. ఇంటింట పాట వినిపించిన ఆ యంత్రమునకు గొంతైన పదార్థము ఈ నేల కడుపులోనిదే యగుట గమనింపదగినది.

2. బూర కాలము

మన దేశమున శబ్దగ్రహణ చరిత్ర 1902లో గ్రామఫోను కంపెనీ పక్షమున ఫ్రెడ్ గైస్‌బర్గు కలకత్తాకు వచ్చుటతో ప్రాముఖ్యము వహించినది. అప్పుడు పాడిన గౌహర్‌జాన్ పేరు జగద్విదితము. నాడు మైకు లేదు. గాయకుడు పెద్ద బూర యెదుట నిలిచి పాడవలెను. ఆ ధ్వనిబలమే సూదిని కదల్చి మైనముపై గీత గీయవలెను. పది యంగుళముల పళ్ళెమునకు సుమారు మూడు నిమిషములే అవకాశము. గంటలకొలది రాగమును విస్తరించు గాయకుడు మూడు నిమిషములలో పల్లవి యెత్తి ముగింపు పలుకవలసివచ్చెను. పాట చివర గాయని తన పేరును తానే చెప్పుటయు ఆ కాలపు ఆచారమే. దూరదేశమున పళ్ళెములు తయారుచేయువారు పాడినదెవరో గుర్తించుట కది యుపకరించెను.

ఈ దశలో క్రొత్తవానికి జరిగిన బోధన యెట్టిది? స్వరము హెచ్చినపుడు గాయకుని భుజము పట్టి వెనుకకు లాగుట, తగ్గినపుడు బూరవైపు నెట్టుట. చేతితో చేయు ఆ బోధనకు భాష అక్కరలేదు, వ్యాకరణమక్కరలేదు. కాని అందొక సత్యమున్నది. శబ్దగ్రహణశాలలో మొదటి పాఠము దూరమును గూర్చినది. నోటికిని యంత్రమునకును నడుమ నెంత యెడముండవలెనో తెలియుటయే ఆ విద్యకు ఓనమాలు.

3. మైకు, ఆకాశవాణి

1925 ప్రాంతమున విద్యుచ్ఛబ్దగ్రహణము వచ్చినది. బూర తొలగి మైకు నిలిచినది. ఈ మార్పు తెలుగు గాయకులకు చిన్నది కాదు. మన రంగస్థలనటులు మైకు లేని పందిళ్ళలో వేలమందికి వినబడునట్లు పద్యము నెత్తుటకు అలవడినవారు. హరికథకుల కంఠములును అట్టివే. ఆ కంఠబలమే మైకు ముందర దోషమయ్యెను. ఏండ్ల సాధనచే సంపాదించిన దానిని కొంత విడుచుట, చెవిలో రహస్యము చెప్పినట్లు పాడుట, క్రొత్తవారు నేర్వవలసిన రెండవ పాఠమాయెను. దీనిని నేర్చుకొనుట అనుటకంటె పాతదానిని మరచుట అనుట యుక్తము.

1938 జూన్ 16న మద్రాసు ఆకాశవాణి కేంద్రమును, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రమును ప్రారంభమయినవి. తెలుగుదేశమున సామాన్య కళాకారునకు శబ్దగ్రహణశాల వాకిలి తెరచినవి చలనచిత్రసంస్థలకంటె ఈ కేంద్రములే యని చెప్పవచ్చును. ఎఱ్ఱదీపము వెలిగినపుడు మాటాడరాదు, కాగితము కదల్పరాదు, గాజులు మ్రోయరాదు, గడియారముపై నొక కన్ను ఉండవలెను. ఈ నియమములు గ్రంథము చదివి నేర్చినవి కావు. ప్రక్కనున్నవారిని చూచి నేర్చినవి. ప్రవేశపరీక్షయు ఆకాశవాణిలో నొక క్రమమును పొందినది. శ్రీమతి ఎస్. జానకిగారు 1956లో ఆకాశవాణి జాతీయ లలితసంగీత పోటీలో ద్వితీయ బహుమతి నందిన పిమ్మటనే 1957లో చలనచిత్రగాయనియైరి. అనగా శాలకు శాలయే మెట్టయ్యెను.

4. మద్రాసు థియేటరులు : చూచి నేర్చిన విద్య

వాహినీ, ఏ.వి.ఎం. మున్నగు సంస్థల థియేటరులలో 1950, 1960ల నాటి పద్ధతిని గమనించినచో, క్రొత్తవారి శిక్షణ యెట్లు సాగెనో స్పష్టమగును. వాహినిలో ఎ. కృష్ణన్, వి. శివరాం గారలు శబ్దగ్రాహకులై 1957 నాటి మాయాబజార్ వంటి చిత్రములకు పనిచేసిరి. నాడు గాయకులు, వాద్యబృందము ఒకేసారి ఒకే శాలలో పాడి వాయింపవలెను. వయొలిను వాయించువాడొకడు తప్పినను, గాయని ఊపిరి తీయుచోటు తప్పినను, మొత్తము పాట తిరిగి మొదటినుండి పాడవలసినదే. ఒకని తప్పు అందరి శ్రమ. ఈ భయమే క్రమశిక్షణ కాధారమయ్యెను.

దీనితోపాటు గొప్ప లాభమొకటి కలిగెను. శాలలో అందరును ఒకేచోట నుండుటచే, కోరసులో చివరి వరుసలో నిలిచిన క్రొత్తవాడు ప్రసిద్ధగాయకులు కాగితమెట్లు పట్టుకొందురో, పల్లవికి ముందు ఊపిరి ఎచ్చట దాచుకొందురో, మహాప్రాణాక్షరము వచ్చినపుడు తల ఎంత త్రిప్పుదురో కన్నులార చూచెను. ముఖ్యగాయకుని రాకకు ముందు నమూనాకు పాడు ట్రాకుగాయకుడు మైకు ముందర నిలుచుటకు అలవాటుపడెను. ఈ రెండు పదవులు ఆర్థికముగా చిన్నవైనను విద్యాదృష్టిచే మిక్కిలి పెద్దవి. సంస్థలే పూనుకొని నేర్పిన సందర్భములును కలవు. శ్రీమతి పి. సుశీలగారు 1950ల ఆరంభమున ఏ.వి.ఎం. సంస్థలో నెలజీతముపై గాయనిగా చేరినపుడు, తమిళోచ్చారణము నేర్పుటకు వారికి ప్రత్యేకముగా ఉపాధ్యాయుని ఏర్పాటుచేసిరి. అచ్చట పరిచయము చేయబడినది యంత్రము కాదు, ఉచ్చారణ.

5. ఒక నిదర్శనము : శ్రీ బాలసుబ్రహ్మణ్యముగారి ప్రవేశము

ఈ విషయమున గూడూరునకు విశిష్టస్థానము కల్పించినది శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యముగారి తొలి చరిత్ర. వారు 1946 జూన్ 4న జన్మించిరి. తండ్రి సాంబమూర్తిగారు హరికథకులు. బాల్యమున నగరిలో మేనమామ యింటను, పిమ్మట శ్రీకాళహస్తి పాఠశాలయందును, తిరుపతి కళాశాలయందును విద్య సాగినది. శ్రీకాళహస్తిలో ఉపాధ్యాయుడొకరు ఈ విద్యార్థిచే 1958 నాటి చెంచులక్ష్మి చిత్రములో సుశీలగారు పాడిన పాటను పాడించి టేపుపై నెక్కించిరి. బాలుడు తన కంఠమును తాను బయటినుండి వినుట అప్పుడు జరిగినది. తన గొంతు తనకే క్రొత్తగా తోచుట శబ్దగ్రహణశాల యెదుట ప్రతివానికి కలుగు మొదటి యాశ్చర్యము. ఆ యాశ్చర్యము శ్రీకాళహస్తి బడిలోనే తీరిపోవుట వారి అదృష్టము.

1960ల తొలి సంవత్సరములలో గూడూరు కాళిదాస కళానికేతనము నడిపిన పాటల పోటీలో వారు పాడిరి. వచ్చినది ద్వితీయ బహుమతి. ఆ సభకు విచ్చేసిన జానకిగారు ఈ యువకునకే ప్రథమస్థానము న్యాయమని పలికి, చలనచిత్రములలో పాడుటకు ప్రయత్నింపుమని ప్రోత్సహించిరని వారే పలుమారులు సభలలో చెప్పియున్నారు. ఇచ్చట మనము గమనింపవలసినది బహుమతి కాదు. శాల లోపలినుండి వచ్చిన వ్యక్తి వెలుపలనున్న ఊరిలో నిలిచి, లోపలికి దారి కలదని చెప్పుట. గూడూరు వేదికపై జరిగినది సంపూర్ణార్థమున శాలాపరిచయము. అందు యంత్రమొక్కటియు లేదు.

అటుపిమ్మట మద్రాసులో జరిగిన పోటీకి న్యాయనిర్ణేతలుగా వచ్చిన ఘంటసాల, ఎస్.పి. కోదండపాణి గారలలో రెండవవారు ఆ యువకుని చేరదీసిరి. 1966 డిసెంబరు 15న శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న చిత్రమునకు తొలిపాట రికార్డయినది. చిత్రము 1967లో విడుదలయినది. ఆ పాటలో వారితో గళము కలిపినవారు పి. సుశీల, పి.బి. శ్రీనివాస్, కళ్యాణం రఘురామయ్య గారలు. మైకు లేని పందిళ్ళలో పేరుగాంచిన రఘురామయ్యగారు ఒకవైపు, మైకునకే పుట్టినట్టి కంఠము గల శ్రీనివాస్‌గారు మరియొకవైపు, నడుమ ఇరువదియేండ్ల క్రొత్తవాడు. మేము పై ప్రకరణములలో వర్ణించిన దశలు ఆ దినమున ఒకే శాలలో కలిసి నిలిచినట్లయినది.

పాట ముగిసిన తరువాత కోదండపాణిగారు చేసిన పని మిక్కిలి ముఖ్యమైనది. టేపులను చెరిపి మరల వాడుకొనుట నాటి థియేటరులలో వాడుక. ఈ టేపును చెరపక యుంచి, వచ్చిన సంగీతదర్శకులకు వినిపింపుమని వారు విజయా గార్డెన్సు శబ్దగ్రాహకులగు స్వామినాథన్‌గారిని కోరిరి. దీనిని బాలసుబ్రహ్మణ్యముగారు కృతజ్ఞతతో చాటుచుండెడివారు. కొలదిదినములకే ఎం. రంగారావుగారి సంగీతమున కన్నడ చిత్రమునకు పాడు అవకాశము లభించెను. తరువాతి కాలమున తాము మద్రాసులో నెలకొల్పిన శబ్దగ్రహణశాలకు కోదండపాణిగారి పేరునే వారు పెట్టుకొనిరి.

ఆ టేపు క్రొత్తవానిని శాలకు పరిచయము చేసినది. నేటి దృశ్యపాఠము శాలను క్రొత్తవానికి పరిచయము చేయుచున్నది. దిక్కు మారినను, రెండింటికిని వెనుక ఒక పెద్దదిక్కు ఉండవలెనను నియమము మారలేదు.

6. కలిసి పాడు శాల విడిపోవుట

అనేక ట్రాకులలో వేరువేరుగా రికార్డుచేయు పద్ధతి వ్యాపించిన కొలది గాయకులు, వాద్యకారులు వేర్వేరు వేళల వచ్చిపోవుట ప్రారంభమయినది. 1990లనుండి కంప్యూటరు ఆ పద్ధతిని సంపూర్ణము చేసినది. నేడు గాయకుడు చిన్న గదిలో, చెవులపై హెడ్‌ఫోను ధరించి, ఒంటరిగా పాడును. తప్పిన పాదమును మాత్రమే తిరిగి పాడవచ్చును. శ్రమ తగ్గినది, ధనవ్యయము తగ్గినది, పల్లెటూరివానికిని పాట రికార్డుచేయు సదుపాయము కలిగినది. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానమువారి శ్రీ వేంకటేశ్వర రికార్డింగు ప్రాజెక్టు వంటి సంస్థలచే శబ్దగ్రహణము ఈ సీమకును దగ్గరయినది.

నష్టమేమన, చివరి వరుస పోయినది. ప్రక్కనుండి చూచు స్థానమే లేనపుడు చూచి నేర్చుట యెట్లు? తొలిసారి గదిలోనికి వచ్చిన యువతికి గాజుతెర కావలినున్న శబ్దగ్రాహకుడు తప్ప మనిషి కనబడడు. ఆతడు పెదవి కదల్చుట కనబడును, మాట వినబడదు. మీట నొక్కి మాటాడినపుడు చెవిలో హఠాత్తుగా వినబడిన గొంతుకు ఆమె ఉలికిపడును. గంటలెక్కన అద్దె చెల్లించునట్టి శాలలో ఆ బెదరు తీరుటకు పట్టు కాలమును ఆమెయే కొనుక్కొనవలెను. దృశ్యపాఠముల యావశ్యకత ఇచ్చట పుట్టినది. అవి విలాసవస్తువులు కావు. పోయిన చివరి వరుసకు ప్రత్యామ్నాయములు.

7. దృశ్యపాఠమునకు పూర్వరంగము

దృశ్యమాధ్యమముతో బోధించుట మనకు క్రొత్త కాదు. 1975 ఆగస్టు 1నుండి 1976 జూలై 31వరకు సైట్ అను పేర ఉపగ్రహసహాయముతో జరిగిన టెలివిజను బోధనాప్రయోగమున ఆంధ్రప్రదేశముతో కలిపి ఆరు రాష్ట్రముల పల్లెలు పాల్గొనినవి. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము గ్రామస్థులకు తెలుగున కార్యక్రమములు ప్రసారమయ్యెను. బోధన ఇంటిభాషలో నుండవలెనను సూత్రమునకు ఆ ప్రయోగము నిదర్శనము. అది ఏకముఖమైనది, చూచువాడు ప్రశ్నింపజాలడు. ఈ పరిమితి నేటి దృశ్యపాఠమునకును చాలవరకు కలదు.

శబ్దగ్రహణవిద్యకు మరింత దగ్గరి పూర్వరంగము 1996లో ఈటీవీలో ప్రారంభమయిన పాడుతా తీయగా. అది పోటీగా ప్రసిద్ధము. మా దృష్టిలో పాఠముగా అంతకంటె గొప్పది. బాలసుబ్రహ్మణ్యముగారు పిల్లల పాటకు మార్కులతో తృప్తిపడక, ఏ యక్షరము నలిగినదో, ఎచ్చట ఊపిరి తెగినదో, ఆ పాట రికార్డయిన నాడు ఏమి జరిగెనో వివరించుచుండిరి. లక్షలమంది ఇంట కూర్చుండి థియేటరు ముచ్చటలను వినిరి. గూడూరులో తాము పొందినదానిని వారు పలువురకు తిరిగి యిచ్చిరనుట అతిశయోక్తి కాదు. 2020 సెప్టెంబరు 25న వారు పరమపదించువరకు ఆ కార్యక్రమముతో వారికి గల సంబంధము చెడలేదు. దృశ్యపాఠకర్తలకు ఇంతకంటె మంచి నమూనా తెలుగున లేదు: తప్పును దాచక చూపుట, చూపిన పిదప పిల్లవాని మనసు నొవ్వకుండ దిద్దుట.

8. పాఠరచనాక్రమము

పై చరిత్రనుండి తేలిన సూత్రములను సంగ్రహముగా చెప్పుదుము.

మొదటి పాఠము వాకిటిలో నారంభము కావలెను. క్రొత్తవాని కన్నులతో కెమెరా నడువవలెను: చెప్పులు విడుచుట, ఫోను ఆపుట, రెండు తలుపులలో ఒకటి మూసిన పిమ్మటనే రెండవది తెరచుట. తలుపు మూయగానే వెలుపలి చప్పుడు తెగిపోయి, తన ఊపిరి తనకు వినబడును. పాఠములో ఆ క్షణమున మాటగాని సంగీతముగాని ఉండరాదు. అర నిమిషము నిశ్శబ్దమే బోధించును. పిమ్మట గాజులు, గంజిపెట్టిన బట్ట, కాగితము, కుర్చీ కిఱ్ఱుమనుట, వీని చప్పుడును మైకు ఎట్లు పట్టునో వినిపింపవలెను.

రెండవ పాఠము దూరము. నోటికిని మైకునకును సుమారు జానెడు యెడముంచి ఒక వాక్యమును పలికించి, అదే వాక్యమును మూరెడు దూరమునను, పెదవులు తాకునంత దగ్గరను పలికించి, వెంటవెంట వినిపింపవలెను. మిక్కిలి దగ్గరైనపుడు మంద్రధ్వని హెచ్చును. ఈ భేదము ఫోనులోని చిన్న స్పీకరులో తెలియదు. కావున హెడ్‌ఫోనుతో వినుమని ముందే హెచ్చరింపవలెను. ఈ చిన్నమాట చెప్పనిచో పాఠమంతయు వ్యర్థము.

మూడవది తెలుగు వర్ణములను గూర్చినది. అన్యభాషలలోని పాఠములను తర్జుమా చేయుటచే ఇది సాధ్యము కాదు. ప, ఫ, బ, భలు పలుకునపుడు వెడలు గాలి మైకును కొట్టును. స, శలు ఈలవలె గ్రుచ్చుకొనును. ద్విత్వములు, ఒత్తులు నిండిన పద్యమును చదువునపుడు మైకునకు కొంచెము ప్రక్కగా నిలుచుట యెట్లో, ఒత్తు నలుగకుండ గాలి తగ్గించుట యెట్లో చూపవలెను. మన రంగస్థలపద్యము ఇందుకు తగిన అభ్యాససామగ్రి.

నాలుగవది గాజుతెర కావలి మనిషి. శబ్దగ్రాహకుడు తన ముఖము చూపి, తన పేరు చెప్పి, తాను చేయు సైగల యర్థమును తానే వివరింపవలెను. టేకు, మానిటరు, ట్రాకు మున్నగు మాటలను శాలలో వాడునట్లే వాడి, పని జరుగుచుండగా వాని యర్థము తెలుపవలెను. వేరుగా పట్టిక చదువుట నిష్ప్రయోజనము. యంత్రముల వివరము దీని తరువాతనే.

ఐదవది తప్పు. నేర్పరియైన గాయకుడొకడు తప్పుట, ఆగుట, నవ్వుట, తిరిగి పాడుట యథాతథముగా చూపవలెను. దోషరహితమైన పాటను మాత్రము చూపు పాఠము క్రొత్తవానిని భయపెట్టును. ఒక్కొక్క పాఠము నాలుగైదు నిమిషములకు మించరాదు. పూర్వము మూడు నిమిషముల పళ్ళెము సంగీతవిద్వాంసులకు నేర్పిన సంక్షేపము పాఠకర్తలకును ఉపదేశమే.

9. ఉపసంహారము

దృశ్యపాఠముచే సర్వమును సిద్ధించునని మేము చెప్పము. నిశ్శబ్దమును, దూరమును, అక్షరమును, శాలలోని మర్యాదను అది చక్కగా నేర్పగలదు. నీవు పాడగలవు, లోపలికి రమ్ము అను మాట మాత్రము మనిషి నోటినుండియే రావలెను. జానకిగారు గూడూరులో పలికినది ఆ మాటయే. కోదండపాణిగారు టేపును చెరపనీయకుండుటలోని యర్థమును అదియే. అందుచే శాలలవారు దృశ్యపాఠములను సిద్ధపరచుటతో తృప్తినొందక, నెలకొకమారైనను క్రొత్తవారిని ఉచితముగా లోపలికి పిలిచి, పాఠములో చూచినదానిని చేతితో తాకనీయవలెను. విశ్వవిద్యాలయముల తెలుగు, సంగీత శాఖలు ఉచ్చారణపాఠములను కూర్చి యిచ్చుట వారికి తగిన సాయము.

మద్రాసు పెద్ద థియేటరులలో కోరసులో నిలిచినవారు, వాద్యములు వాయించినవారు, శబ్దగ్రాహకులకు తోడ్పడినవారు నేడు వృద్ధులైనారు. వారి అనుభవము గ్రంథస్థము కాలేదు. వారిని కెమెరా యెదుట కూర్చుండబెట్టి, నాడు క్రొత్తవానికి మీరేమి చెప్పెడివారని అడిగి యెక్కించుకొనుట మొదట చేయవలసిన పని. దానికి తరుణము మించిపోవుచున్నది. గూడూరు వంటి పట్టణములలో నేడును పాటల పోటీలకు పిల్లలు వచ్చుచునే యున్నారు. వేదిక దిగిన పిమ్మట వారు నడువవలసిన దారిని తెలుపుట మన కర్తవ్యము.